పాత మోటారు సైకిళ్లు – మన బాధ్యత

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలో మన యువకులు కొందరు పాతకాలపు చిన్న మోటారు సైకిళ్లను సేకరించి, బాగుచేసి, తిరిగి నడిపించుటను వినోదముగా చేపట్టియున్నారు. ఆదివారము వచ్చెనేని వారి చేతులకు నూనె మరకలును, ఇంటి పెద్దలకు చిరాకును తప్పుట లేదు. ఇది పనిలేనివారి పనియని కొందరందురు. మేమట్లు తలపము. ఇది మంచి అభ్యాసము. కాని దీనికొక హద్దు కలదు. ఆ హద్దును గూర్చియే ఈ వారము వ్రాయదలచితిమి.

ఈ బండ్లు మనకు పరాయివి కావు. మద్రాసు మోటార్సు వారును, ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు వారును కలిసి 1955లో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థను స్థాపించి, తిరువొత్తియూరులో బుల్లెట్టు నిర్మాణమునకు పూనుకొనిరి. నాడు చెంగల్పట్టు జిల్లాలోనుండిన తిరువొత్తియూరు, పిమ్మట మన తిరువళ్లూరు జిల్లాలో చేరి, 2011లో చెన్నై నగరపాలక సంస్థలో కలిసెను. రెడ్డిచ్ వారి మోటారు సైకిళ్ల నిర్మాణము 1970తో ముగిసినను, ఇచ్చటి నిర్మాణము ముగియలేదు. విల్లియర్సు ఇంజను గల 175 సి.సి. షెర్పాయు, తరువాతి 200 సి.సి. మినీ బుల్లెట్టును ఈ సంస్థ వెలువరించినవే. మైసూరు ఐడియల్ జావా వారి 250 సి.సి. జావా, యెజ్డీ బండ్లు, ఎస్కార్ట్సు వారి 175 సి.సి. రాజ్‌దూత్, 1985 మొదలు 1996 వరకు తయారైన యమహా ఆర్.ఎక్స్. 100 – వీనికే నేడు గిరాకి మెండు.

వీనిని బాగుచేయుటలో విద్య కలదు. రెండు స్ట్రోకుల ఇంజనులో వాల్వుల బెడద లేదు; పెట్రోలులో కలిపిన నూనెయే లోపలి భాగములకు కందెన. ఆ పాళ్లు తప్పినచో పిస్టను పట్టివేయును, లేదా పొగ క్రమ్మును. పాయింట్ల నడుమ సందు వెండ్రుకవాసి తేడా వచ్చినను నిప్పురవ్వ సరిగా పుట్టదు. జావా బండికి కిక్కును, గేరును ఒకే కడ్డీ. ఇట్టి సంగతులను విప్పి, కడిగి, మరల బిగించి నేర్చుకొన్నవానికి ఓర్పు అలవడును, చేతిపనియందు గౌరవము కలుగును. పట్టభద్రుడైన కుమారుడు స్పానరు పట్టెనని తండ్రి చిన్నబుచ్చుకొననక్కరలేదు.

ఇక హద్దు మాట. బాగుచేయుట వేరు, రూపు మార్చుట వేరు. ఛాసీని వెనుకవైపు కోసి పొట్టిచేయుట, పాత ఇంజనును తీసి వేరొకటి బిగించుట, సైలెన్సరులోని పొరలను పెరికివేయుట నేడు వేడుకగా మారినవి. ఆడికృత్తికకు కావళ్లు మోసికొని భక్తులు కొండనెక్కు తిరుత్తణి వీధులలో ఆ ఫెళఫెళ ధ్వనులు ఎవరికి ఆనందము? "బండి మాది, మా ఇష్టము" అందురా, చట్టము అట్లనుట లేదు. మోటారు వాహనముల చట్టము (1988) 52వ విభాగము ప్రకారము, నమోదు పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019లో సుప్రీము కోర్టు ఈ సంగతినే దృఢపరచెను. అదే సంవత్సరపు సవరణ వలన, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, ఆరు నెలలవరకు కారాగారమో, రెండునో విధింపవచ్చును.

శిక్షకన్న పెద్ద నష్టము వేరొకటి కలదు. 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రాచీన వాహనములకై ప్రత్యేక నియమములు చేసెను. తొలి నమోదునుండి 50 ఏండ్లు దాటి, ఛాసీ, ఇంజను మొదలగు వానిలో గణనీయమైన మార్పు లేక తొలిరూపుననే నిలిచిన సొంత బండ్లకు ఆ గౌరవము లభించును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. అది పదేండ్లు చెల్లును. నంబరులో "వి.ఎ." అను అక్షరములు చేరును. ప్రదర్శనలకు, ర్యాలీలకు నడుపవచ్చునే గాని నిత్యము తిరుగుటకు కాదు. 1976లో నమోదైన రాజ్‌దూత్‌నకు 2026తో 50 ఏండ్లు నిండును. దానిని నేడు రంపముతో కోసినవాడు తాత సొత్తును చెరిపినవాడగుటయే గాక, మనుమని హక్కును కూడ పోగొట్టినవాడగును. అలంకారము బొత్తిగా కూడదని మేమనము. బోల్టు విప్పి మరల యథాస్థితికి తేదగిన సీటో, అద్దమో, సామాను కంబియో అమర్చుకొన్న తప్పులేదు. కోత, వెల్డింగు మాత్రము వలదు.

అసలు భాగములు దొరకవను వారికి మా సమాధానము: పుదుపేటలోను, జనరల్ ప్యాటర్సు రోడ్డులోను ఓపికతో వెదకుడు, దొరకనిచో అంబత్తూరు లేతు పనివారు నమూనా చూచి చేసియిత్తురు. తొందరపాటే అసలు లోపము.

భాగములకన్న ముందు భద్రపరుపవలసినవి పత్రములు. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిలు 1వ తేదీన మద్రాసు రాష్ట్రములో చేరువరకు చిత్తూరు జిల్లాలోనిది. అంతకుముందటి కొన్నేండ్లలో ఇచ్చటివారు కొన్న బండి కాగితము ఆంధ్ర రాష్ట్రపు కాగితము. ఇల్లు కదలకయే రాష్ట్రము మారిన కుటుంబములకు అట్టి కాగితము వట్టి రశీదు కాదు, చరిత్ర. పెద్దలు గతించిన పిదప వారి పెట్టెలు సర్దునపుడు ఇవి చిత్తుకాగితములతో పోవుచున్నవి. బండి పాత ఇనుము అంగడికి తూకమున పోవుచున్నది. యజమాని మరణించినచో ముప్పది దినములలో నమోదు అధికారికి తెలిపి, మూడు నెలలలో ఫారము 31తో వారసుడు తన పేరునకు మార్పించుకొనవలెను. అన్నదమ్ములలో ఎవరిది బండియను తగవు తెగక, ఆ గడువు దాటిపోయి, బండి కొట్టములోనే త్రుప్పుపట్టుట లోకమున కొత్తగాదు.

కావున మా సూచనలు మూడు. సభ్యుల ఇండ్లలోని పాత బండ్లకు, వాని పత్రములకు సంఘము ఒక పట్టిక సిద్ధపరుపవలెను. ప్రతి కుటుంబము బండి ఛాయాచిత్రమును, నమోదు పత్రము ప్రతిని సంఘమునకీయవలెను. ఉగాది వేడుకలలో ఒక పూట ఈ బండ్లను ఆవరణలో నిలిపి, వీనిని దశాబ్దములుగా మరమ్మతు చేసిన పనివారిని, తెలుగువారు గానిండు, తమిళులు గానిండు, పిలిచి సన్మానింపవలెను. చెవితోనే ఇంజను రోగము కనిపెట్టగల ఆ పెద్దలు నేడు కొలదిమందియే మిగిలియున్నారు. వారి విద్య ఏ గ్రంథమునను లేదు. యువకులు వారివద్ద కూర్చుండి నేర్చుకొన్నప్పుడే ఈ వినోదము సార్థకమగును.

పెద్దలకు మనవి: కొట్టములోని బండిని తూకమునకు వేయుటకుముందు ఇంటిలోని పిల్లవాని నొక్కమాట అడుగుడు. యువకులకు మనవి: రంపము పట్టుటకుముందు ఇంటి పెద్దల నొక్కమాట అడుగుడు.