ఒకటో తారీఖు కానుక



ఈసారి ధ్యానానికి ముందు ఒక ఒప్పుకోలు రాయాల్సి ఉంది. 2024 జూలై 1వ తేదీ మీకు గుర్తుండే ఉంటుంది. నెలకు 3,000 ఉన్న పింఛను 4,000 అయింది. ఏప్రిల్ నుంచి రావలసిన తేడా కూడా కలిపి ఆ ఒక్క రోజున మన వృద్ధుల చేతిలో 7,000 రూపాయలు పెట్టారు. ఆ వారం ఆరాధనకు మన పెద్దమ్మ ఒకామె కొంగు ముడి విప్పి 700 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చింది, దశమభాగం. మేము తీసుకున్నాం. పుస్తకంలో రాశాం. ప్రకటనల వేళ ఆమె పేరు చదివి, ఆమె విశ్వాసాన్ని నలుగురికీ మాదిరిగా చూపించాం. సంఘమంతా ఆమేన్ అంది.

మూడు వారాల తర్వాత ఆమె బోరింగు దగ్గర పడిపోయింది. ప్రార్థన చేయడానికి వెళ్లినప్పుడు తెలిసింది, పది రోజులుగా గుండె మాత్రలు వేసుకోవడం లేదని. ఎందుకమ్మా అంటే, వేళ్లు మడిచి లెక్క చెప్పింది. పాత అప్పుకు ఐదు వేలు, మనవడి చదువుకు వెయ్యి, మందిరానికి ఏడొందలు. మిగిలిన మూడొందలతో ఆమె ఇరవై రోజులు నెట్టుకొచ్చింది. అప్పు ఇచ్చినాయన, మనవడు, మేము: ముగ్గురమూ ఒకే వరుసలో ఉన్నాం ఆ లెక్కలో. ఆమె మా మీద నింద వేసి చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. ఆ రాత్రి మా ఇంట్లో అమ్మగారికీ మాకూ అన్నం సహించలేదు.

అప్పటినుంచి ఈ పింఛన్ల గురించి, తల్లుల ఖాతాల్లో పడే డబ్బుల గురించి, మేము ప్రసంగ పీఠం మీద నుంచి ఏం మాట్లాడుతూ వచ్చామో తిరిగి ఆలోచిస్తున్నాం. మాట్లాడింది తక్కువేమీ కాదు. ఉచితాలు మనుషుల్ని సోమరులను చేస్తున్నాయి అన్నాం. పని చేయనివాడి భోజనం గురించి పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాటను ఎన్నిసార్లు వాడామో. అక్కడ పౌలు చెప్పింది పని చేయడానికి ఇష్టపడని వాళ్ల గురించి, చేయలేని వాళ్ల గురించి కాదు. ఆ తేడా మాకు తెలుసు. తెలిసి కూడా దాటేశాం, ఎందుకంటే ముందు వరసలో కూర్చునే భూమి ఉన్న సహోదరులకు ఆ మాట నచ్చుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది. 2020 మే నెలలో, కరోనా వల్ల మందిరాలు మూసి ఉన్నప్పుడు, ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు 5,000 రూపాయల సాయం ఇచ్చింది. మేమూ తీసుకున్నాం. తర్వాత వచ్చిన గౌరవవేతనమూ తీసుకున్నాం. ఆ డబ్బుతో బియ్యం కొన్నాం, పిల్లల ఫీజు కట్టాం. మేము సోమరులమైపోయామని మాకు అనిపించలేదు. మాకు వస్తే గౌరవవేతనం, విధవరాలికి వస్తే ఉచితం, ఇదెక్కడి న్యాయం?

కోత రోజుల్లో మా దగ్గరకు వచ్చే ఫిర్యాదు ఒకటుంది. పింఛన్లు వచ్చాక మిరపకాయల కోతకు మనుషులు దొరకడం లేదు అయ్యగారూ అని. నిజమే, కొందరు రావడం లేదు. ఎవరు రావడం లేదో ఒకసారి చూడండి. అరవై ఐదేళ్ల మనిషి, మోకాళ్లు వాచినామె, మార్చి ఎండలో నడుం వంచి, ఘాటుకు కళ్లు మండుతుంటే సాయంత్రం దాకా కోసేది. ఇప్పుడు ఇంటి దగ్గర ఉంటోంది. పింఛను ఇచ్చిందే అందుకు కదా. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన నాలుగు వేలంటే పదమూడు రోజుల పని. పదమూడు రోజుల విశ్రాంతిని ఒక ముసలమ్మకు ఇవ్వడానికి మనకు ఇంత కష్టంగా ఉందా?

డబ్బిస్తే తాగేస్తారు అనే మాట కూడా ఊళ్లోనే కాదు, లోకమంతా ఉంది. డేవిడ్ ఇవాన్స్, అన్నా పోపోవా అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు ప్రపంచ బ్యాంకు తరఫున 2014లో, వేర్వేరు దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. పేదలకు నేరుగా డబ్బిస్తే తాగుడు, పొగాకు ఖర్చు పెరుగుతుందన్న భయానికి వాటిలో ఆధారం దొరకలేదు. మన దేశంలోనే మధ్యప్రదేశ్‌లో 2011, 2012 సంవత్సరాల్లో సేవా సంస్థ యునిసెఫ్ సాయంతో ఎనిమిది గ్రామాల్లో ఏ షరతూ లేకుండా పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100 ఇచ్చి, తర్వాత 300, 150 చేసి చూసింది. జనం పని మానలేదు. కూలికి పోయేవాళ్లు కొందరు సొంత చేను, సొంత మేకల పని ఎక్కువ చేసుకున్నారు.

మన ఊళ్లో తాగేవాళ్లు లేరని కాదు. తల్లి పింఛను లాక్కుని బెల్టు షాపుకు పోయే కొడుకు ఎవరో మీకూ తెలుసు, మాకూ తెలుసు. కానీ ఆ కొడుకు పింఛను రాకముందూ తాగేవాడు. అప్పుడు తల్లి కూలి డబ్బులు లాక్కునేవాడు.

మేము కళ్లారా చూసిన మార్పు వేరే ఉంది. చిన్నదే. కోడలి గొంతు మారింది. పదేళ్ల క్రితం పరామర్శకు వెళితే, ముసలివాళ్లు వసారాలో ఒక మూల ఉండేవాళ్లు, ఆ ఇంట్లో మాట్లాడటానికే వాళ్లకు భయం. ఇప్పుడు ఒకటో తారీఖు తెల్లవారుజామునే సచివాలయం ఉద్యోగి బండి శబ్దం వినబడగానే మొహం కడుక్కుని, తల దువ్వుకుని అరుగు మీద కూర్చుంటారు. వేలిముద్ర వేస్తారు. ఆ ఇంట్లో నెలకు ఒక రోజైనా అందరికంటే ముందు డబ్బు చేతిలో ఉన్న మనిషి ఆమె. కాఫీ ముందు ఆమెకే వస్తుంది. ఇది ప్రేమ కాదు అంటారా? కాకపోవచ్చు. కాఫీ మాత్రం వేడిగా వస్తోంది.

ఆ డబ్బు ఇంటి గడప దాకా రావడం ఎంత పెద్ద విషయమో 2024 మే నెలలో అర్థమైంది. ఎన్నికల వేళ వాలంటీర్లను పంపిణీకి దూరం పెట్టారు. ఏప్రిల్‌లో సచివాలయం దగ్గర ఇచ్చారు, మేలో చాలామందికి బ్యాంకు ఖాతాలో వేశారు. కాగితం మీద చూస్తే ఖాతాలో వేయడం కంటే నేరుగా అందేది ఇంకేముంటుంది? మేము ఏడుగురిని ఆటోలో ఎక్కించుకుని మండల కేంద్రానికి వెళ్లాం. ఒకామె ఖాతా ఏళ్లుగా వాడక నిలిచిపోయింది. ఇంకొకాయన ఖాతాలో పడ్డ డబ్బులో కొంత పాత ఛార్జీల కింద కోసుకున్నారు. ఎండ దెబ్బకు ఒకామె బ్యాంకు మెట్ల మీదే కూలబడింది, నీళ్లు చల్లి లేపాం. ఆటోకి మనిషికి వంద. మీటలు నొక్కేవాళ్లకు తెలియని దూరం అది.

ఇక ఆ డబ్బు అసలు రాని ఇళ్లు. నెలకు 300 యూనిట్ల కరెంటు దాటితే పథకం రాదన్న నిబంధన ఉంది. ఒక్క బల్బు, ఒక్క ఫ్యాను ఉన్న ఇంటి తల్లికి వేరే ఎవరిదో మీటరు ఆధార్‌కు తగిలి డబ్బు ఆగింది. ఆమె మా దగ్గరకు ప్రార్థన కోసం వచ్చింది. ప్రార్థన చేశాం. తర్వాత మన యువకులు ఇద్దరు ఆమెతో కరెంటు ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగారు. ఆదిమ సంఘంలోనూ ఇదే జరిగింది కదా. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను వదిలేస్తున్నారని సణుగుడు పుడితే, అపొస్తలులు మీకు విశ్వాసం తక్కువ అనలేదు. ఏడుగురు మనుషుల్ని ఆ పనికే ఏర్పాటు చేశారు. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో అరవై ఏళ్లు దాటిన విధవరాండ్ర లెక్క ఉంటుంది. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను వయసూ అరవయ్యే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, దశమభాగం. దాన్ని మేము కాదనడం లేదు. కానీ ద్వితీయోపదేశకాండము పద్నాలుగో అధ్యాయం చివర చదవండి. మూడేళ్లకొకసారి దశమభాగాన్ని ఊళ్లోనే ఉంచి ఎవరికి పెట్టమని ఉంది? లేవీయుడికి, పరదేశికి, తండ్రిలేని పిల్లలకు, విధవరాలికి. ఆమెకు వెళ్లాల్సినది ఆమె దగ్గరే వసూలు చేస్తున్నాం. రెండు కాసులు వేసిన విధవరాలి మాటేమిటి అయ్యగారూ అని ఒక సంఘపెద్ద అడిగారు. మంచి ప్రశ్నే. మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో ఆ కాసుల కథకు సరిగ్గా ముందు యేసు ఎవరిని గద్దించాడో చూశారా? విధవరాండ్ర ఇళ్లను మింగే శాస్త్రులను. ఇన్నేళ్లూ కాసుల దగ్గర మొదలుపెట్టి ప్రసంగం చేశాం. రెండు వచనాలు వెనక్కి వెళ్లలేదు.

అందుకని సంఘపెద్దలతో కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నాం. పింఛను మీద దశమభాగం లెక్క కట్టం. ఒకటో తారీఖు తర్వాత వచ్చే ఆదివారం ప్రత్యేక కానుకల కూడిక పెట్టం. కానుకల పుస్తకంలో పేర్లు చదవడం మానేశాం. మందిరం కరెంటు బిల్లు, మైకు మరమ్మతు భూమి, ఉద్యోగం ఉన్న కుటుంబాలు పంచుకోవాలి. దీని మీద రెండు కుటుంబాలు అలిగి పక్క ఊరి సంఘానికి వెళ్తున్నాయి. వాళ్ల కోసం ప్రార్థిస్తున్నాం. వాళ్ల కానుక తగ్గినందుకు బాధ లేదంటే అబద్ధం.

కానీ మేము అనుకోని చోట దెబ్బ తగిలింది. ఆ పెద్దమ్మే, మాత్రలు మానేసినామె, ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. నా కానుక మీకు పనికిరాదా అయ్యా అంది. ముప్పై ఏళ్లు కూలి డబ్బుల్లో పది రూపాయలో ఇరవయ్యో వేశాను, ఇప్పుడు సర్కారు డబ్బని వద్దంటున్నారా? నాకు తినడానికే గానీ ఇవ్వడానికి ఏమీ లేదని మీరే తేల్చేశారా? మా దగ్గర జవాబు లేదు. ఆమెను కాపాడుతున్నామనుకుని, ఇచ్చేవాళ్ల వరసలో నుంచి తీసుకునేవాళ్ల వరసలోకి నెట్టేశాం. వసారా మూలలో కూర్చోబెట్టినట్టే.

చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి ఆమే ఒక షరతు పెట్టింది. మాత్రలు ముందు కొంటుంది, చీటీ అమ్మగారికి చూపిస్తుంది. ఆ తర్వాత సంచిలో ఎంత వేస్తుందో మేము అడగకూడదు, చూడకూడదు.

మొన్న ఆదివారం సంచి ఆమె వరస దగ్గరకు వచ్చినప్పుడు మేము కావాలనే బైబిలు తెరిచి తల వంచుకున్నాం. చీటీ మాత్రం శనివారమే వచ్చింది. నెలకు సరిపడా మాత్రలు, 640 రూపాయలు.