అక్క కువైట్‌లో ఉంటే తమ్ముడు అనుమానితుడా?

నిరుడు నా పూర్వ విద్యార్థి ఒకడు అటెస్టేషన్ ఫారం పట్టుకొని తిరుపతిలో మా ఇంటికి వచ్చాడు. చిత్తూరు పక్క పల్లె కుర్రవాడు. కేంద్రప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. నా సంతకం కావాలి. కలం తీయబోతుంటే అడిగాడు: "మా అక్క కువైట్‌లో ఉండాది సార్. రాసేదా, వదిలేసేదా?"

అక్క అక్కడ ఎవరింట్లోనో వంట చేస్తుంది. ఆమె పంపిన డబ్బుతోనే ఇతడు చదివాడు. అటువంటి అక్క పేరు రాయటానికి తమ్ముడు జంకాడు. ఆ జంకు ఎక్కడిది?

ఫారం చూడండి. తల్లిదండ్రులు, భార్య, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు - అందరి జాతీయత, పుట్టినచోటు, వృత్తి, చిరునామా రాయాలి. బిడ్డలు విదేశాల్లో ఉంటే దానికి వేరే పట్టిక. నిజం దాస్తే అనర్హుడవుతావని మొదట్లోనే హెచ్చరిక. నిజం రాస్తే ఏమవుతుందో మాత్రం ఒక్క పంక్తి లేదు.

రాయమన్నాను, రాశాడు. పదకొండు నెలలైంది. తోటివారు జీతాలు తీసుకుంటున్నారు. ఇతనికి ఉత్తర్వూ లేదు, తిరస్కారమూ లేదు. కారణం అక్కేనా? నాకు తెలియదు, అతనికీ తెలియదు. నా అభియోగం సరిగ్గా అదే.

రాజ్యానికి రహస్యాలుండవా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉంటాయి. 2022 నుంచి తిరుపతి జిల్లాలో భాగమైన శ్రీహరికోటలో రాకెట్లు ఎగురుతున్నాయి. అక్కడి తలుపుకు తాళం వద్దని ఎవరూ అనరు. విదేశంలోని బంధువును అడ్డం పెట్టుకొని ఉద్యోగిని బెదిరించవచ్చు గూడా. అయితే ఆ ప్రమాదాన్ని ఉద్యోగాన్ని బట్టి, మనిషి నడతను బట్టి తూచాలి. గుమాస్తా బల్లకూ రాకెట్ నమూనాకూ ఒకే కొలత ఏమిటి?

అమెరికాలో 1953లో విలియం గ్రీన్ అనే విమాన ఇంజనీరు రహస్య అనుమతి పోగొట్టుకున్నాడు. ఆరోపణల్లో మాజీ భార్య రాజకీయ పరిచయాలు ఒకటి. సాక్షులెవరో అతనికి చూపలేదు. 1959లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పద్ధతికి అధికారమే లేదన్నది. అక్కడ అనుమానం చచ్చిపోయిందని కాదు. తిరుపతి నుంచి వెళ్ళిన మన కుర్రవాడు అక్కడ పౌరుడై అటువంటి అనుమతి కోరితే, ఇక్కడి తల్లిదండ్రులే "విదేశీ బంధువులు". కాని ఆ బంధుత్వాన్ని ఎలా తూచాలో 2017 నాటి నియమాలు అచ్చులో ఉన్నాయి. నిరాకరిస్తే కారణం రాతలో ఇచ్చి జవాబు చెప్పుకోనిస్తారు. మెకార్తీని కన్న దేశమే ఆ మాత్రం నేర్చుకుంటే మనకేమి అడ్డం?

మనకు సొంత పాఠమూ ఉంది. మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుడు ఆరెస్సెస్, జనసంఘం కార్యకలాపాల్లో పాల్గొన్నాడని పోలీసు నివేదిక వస్తే ఉద్యోగం తీసేశారు. 1983లో సుప్రీంకోర్టులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి అది చెల్లదని తీర్పు రాశారు. ఆ ఉపాధ్యాయుడు మన శిబిరంవాడు కాడు. అందుకే ఆ తీర్పు మనకు మరీ విలువైనది. మనిషి తానై ఎంచుకొన్న రాజకీయమే అనర్హత కానప్పుడు, ఎంచుకోని రక్తసంబంధం ఎలా అవుతుంది?

అమెరికా కొడుకు పేరు పెళ్ళిపత్రికలో ఘనంగా వేసుకొనే ఊళ్ళోనే, కువైట్ అక్క పేరు ఫారంలో రాయటానికి వణుకు. సీమలో పని చూపలేక ఆమెను ఎడారికి పంపిన వ్యవస్థే నేడు తమ్ముణ్ణి నిలబెట్టి "నీ అక్క అక్కడెందుకుంది?" అంటుంది.

నియమం బహిరంగంగా ఉండాలి. జాప్యానికైనా తిరస్కారానికైనా కారణం కాగితం మీద ఉండాలి. జవాబు చెప్పుకొనే హక్కు ఉండాలి. ఉపాధ్యాయులారా, ఈ ఫారాల మీద సంతకాలు చేసే మనమే ముందు అడగాలి.

నిన్న ఆ కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. "రాయకుంటే బాగుండు సార్" అన్నాడు. నిజం చెప్పినందుకు పౌరుడు పశ్చాత్తాపపడేట్టు చేసే భద్రత ఎవరి భద్రత?