హస్తకళల మేళా గుమ్మం దగ్గర ఎవరిని ఆపాలి?

హస్తకళల మేళాలకు తరచుగా వెళ్ళేవారందరి నోటా ఒకే ఫిర్యాదు: "ఏ ఊళ్ళో చూసినా అవే వస్తువులు." ఈ ఫిర్యాదుతో నాకు పేచీ లేదు. దానికి చెప్పే కారణాలతోనే పేచీ. జనం అభిరుచి దిగజారిందని కొందరూ, పనివాళ్ళలో పూర్వపు శ్రద్ధ లేదని కొందరూ అంటారు. నేను రెండూ ఒప్పుకోను. లోపం మేళా గుమ్మం దగ్గరే ఉంది. మన మేళాలు మనిషిని పరీక్షించి లోపలికి పంపుతాయి, వస్తువును పరీక్షించవు.

1994లో మొదలైన దిల్లీ హాట్ వెనుక ఉన్న ఆలోచన ఎంతో ఉన్నతమైనది. అక్కడ అంగడి ఎవరికీ శాశ్వతం కాదు. నమోదైన చేతివృత్తులవారికి పక్షం రోజుల చొప్పున వంతులవారీగా ఇవ్వాలి. దళారీ లేకుండా చేసినవాడూ కొనేవాడూ ముఖాముఖి నిలబడాలి. 2016లో కేంద్ర ప్రభుత్వం పనివారికి 'పహచాన్' పేరిట గుర్తింపు కార్డులివ్వడం మొదలుపెట్టింది. అదీ మంచిదే. కానీ ఆ కార్డు చెప్పగలిగింది ఒక్కటే: ఈ మనిషికి ఈ పని వచ్చు. బల్లమీద పరిచిన గుడ్డ ఈ మనిషి చేతిలోంచే వచ్చిందని అది చెప్పలేదు. వర్తకుడు దూరే సందు సరిగ్గా ఇదే. కార్డు ఒకరిది, సరుకు ఇంకొకరిది.

ఆ సందు ఖరీదెంతో రెండేళ్ళ కిందట ఒక మేళాలో చూశాను (ఏ ఊరి మేళా అన్నది అనవసరం). శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒకావిడ తాను గీసిన దుపట్టా నాలుగున్నర వేలు చెబుతోంది. రెండు కొట్ల అవతల 'కలంకారీ' అన్న బోర్డు కిందే ఆరువందల దుపట్టాలు గుట్టగా పోసి ఉన్నాయి. "అదీ కలంకారీయే, ఇదీ కలంకారీయే, ఇంత తేడా ఏమిటండీ?" అని ఒక కొనుగోలుదారు నిలదీసింది. "ఇది రాసిందమ్మా, అది అచ్చేసింది" అని ఆవిడ జవాబు. కొనే మనిషికి ఆ మాట అర్థం కాలేదు. 'రాయడం' అంటే ఏమిటో ఆమెకు చెప్పిన వారెవరూ లేరు. బేరం కుదరలేదు.

కలంకారీకి తెలుగులో వ్రాతపని అన్న పేరుంది. ముడిగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు రంగును అడ్డదిడ్డంగా పాకనివ్వదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి రోజుల తరబడి పులియబెడితే ఒక ద్రవం తయారవుతుంది. వెదురుపుల్లకు ఉన్నిగుడ్డ చుట్టి చేసిన కలంతో దాన్ని గుడ్డమీద గీస్తే, కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. ఎరుపు కావలసినచోట పటిక పూసి, చెట్టువేళ్ళ రంగులో ఉడకబెట్టాలి. ప్రతి రంగుకూ మధ్య ఉతుకు, ఎండ. నీళ్ళు సరిలేకపోతే రంగు సరిగా రాదు. వారాలు పట్టే ఈ పనిని ఒక్కపూటలో వందల గజాలు తీసే స్క్రీన్ ప్రింటు పక్కన, ఒకే బోర్డు కింద, ఒకే అద్దెకు కూర్చోబెట్టి ఇద్దరికీ సమానావకాశం ఇచ్చామనుకోవడం న్యాయమేనా? ఆరువందల గుడ్డ అమ్ముడుపోవడం నన్ను బాధించదు. అది నాలుగున్నర వేల గుడ్డ పేరుతో అమ్ముడుపోవడమే బాధించేది.

ఇక్కడొక చిక్కుంది. "అచ్చేసిందంతా నకిలీ" అని తీర్పు చెబితే పెడన మునుగుతుంది. మచిలీపట్నం ప్రాంతపు కలంకారీ తరతరాలుగా చెక్క అచ్చులతో చేసే అద్దకమే. అదీ చేతిపనే, అదీ అసలైనదే. శ్రీకాళహస్తి పనికీ మచిలీపట్నం పనికీ భౌగోళిక గుర్తింపులు కూడా వేరువేరుగానే వచ్చాయి. చెక్క అచ్చు వేసిన గుడ్డను దగ్గరగా చూస్తే అచ్చుకూ అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి జరుగుబాటు కనిపిస్తుంది. కలంతో గీసిన గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. కలం ఆగినచోట రంగు కాస్త గుమికూడుతుంది. ఒకే నెమలి పదిచోట్ల ఉంటే పదీ కవలల్లా ఉండవు, అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. స్క్రీను మీద తీసిన నెమళ్ళు మాత్రం ఒకదాని నకలు మరొకటి. ఇది చూడగల కన్ను పదిహేను నిమిషాల్లో ఒక కొట్టు సంగతి తేల్చగలదు. ఆ కన్ను గుమ్మం దగ్గర ఉండాలన్నదే నా వాదన.

ఆ కన్నుకు అమెరికాలో 'జ్యూరీ' అని పేరు పెట్టుకున్నారు. 1960లో మొదలైన ఆన్ ఆర్బర్ వీధి కళాప్రదర్శన వంటి వాటిలో చోటు కావాలంటే, చేసిన వస్తువుల ఫొటోలు కొన్ని, కొట్టు అమరిక ఫొటో ఒకటి పంపాలి. సాధారణంగా పంపినవారి పేరు కనబడకుండా న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. నిరుడు వచ్చినవాడినన్న హక్కు చాలాచోట్ల చెల్లదు. కొని తెచ్చి అమ్మడం నిషిద్ధం, చేసినవారు స్వయంగా కొట్లో ఉండాలి. పంపిన ఫొటోకూ పెట్టిన సరుకుకూ పొంతన ఉందో లేదో చూడడానికి ప్రదర్శన రోజున మనుషులు తిరుగుతారు. నాకు నచ్చింది ఈ చివరి ఏర్పాటే. తక్కినదంతా యథాతథంగా దిగుమతి చేసుకోమని నేను చెప్పను. ఫొటో చూసి మార్కులు వేస్తే గెలిచేది మంచి కుండ కాదు, మంచి ఫొటో. న్యాయనిర్ణేతలు ఒక్కో దరఖాస్తుకు కేటాయించేది క్షణాలే. పైగా దరఖాస్తు రుసుము తిరిగిరాదు. కొండపల్లిలో బొమ్మలు చేసుకునేవాణ్ణి ముందు ఫొటోగ్రాఫరు దగ్గరకూ తర్వాత ఇంగ్లీషు ఫారం దగ్గరకూ పంపితే, గుమ్మం దాటేది మళ్ళీ ఆ వర్తకుడే! ఫారాలు నింపడంలో ఆయన దిట్ట.

మనకు వస్తువును పరీక్షించడం చేతకాదా అంటే, చక్కగా చేతనవును. 1965 నుంచి ఇస్తున్న జాతీయ పురస్కారాలకు పనివాడు వస్తువునే సమర్పించాలి. నిపుణులు దాన్ని చూసే తేలుస్తారు. యునెస్కో 2001లో ఆగ్నేయాసియాలో మొదలుపెట్టిన నాణ్యతా ముద్ర కూడా వస్తువుకు ఇచ్చేదే, మనిషికి కాదు. పురస్కారానికి ఉన్న శ్రద్ధ సంతకు లేదు, అంతే. పురస్కారం ఏ కొద్దిమందికో వస్తుంది, సంత మాత్రం వేలమందికి అన్నం పెడుతుంది. శ్రద్ధ ఎక్కడ ఎక్కువ ఉండాలి?

అయితే 'నాణ్యత' అన్న మాట దగ్గర నాకు భయం కూడా ఉంది. నగరవాసి చేతికి తూకపురాయి ఇస్తే ఆయన మొదట వెతికేది నునుపు. గీత తిన్నగా ఉందా, రెండు బొమ్మలూ ఒకే ఎత్తున్నాయా, అంచు సమంగా ఉందా? ఈ పరీక్షలో ప్రతిసారీ యంత్రమే నెగ్గుతుంది. కాబట్టి నునుపు కొలబద్ద కాకూడదు. పగిలే కుండ, ఉతికితే కారిపోయే రంగు, ఊడిపోయే అతుకు - ఇవి లోపాలు. వంకరగీత ఎప్పుడూ లోపం కాదు.

సంప్రదాయం పేరిట జరిగే తిరస్కారం ఇంకా క్రూరమైనది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కతో రంగు ఎక్కిస్తారు. అక్కడ మళ్ళీ ప్రకృతి రంగులకు మళ్ళినవారున్నారు, వారికి నా నమస్కారం. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కర్ర కావాలి. విడివిడిగా చెక్కిన అవయవాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ బొమ్మలకు ఇప్పుడు ఎనామెల్ రంగులు పూసేవారూ ఉన్నారు. "ఇది అసలు పద్ధతి కాదు" అని న్యాయనిర్ణేత ముఖం చిట్లిస్తే సరిపోతుందా? కర్ర దొరకడమే కష్టమవుతున్నప్పుడు, ఆకురంగు చేసుకునే తీరిక కూలి గిట్టనివాడికి ఎక్కడిది? ఎనామెల్ వాడాడని వెలివేయకూడదు. ఎనామెల్ అని చీటీ మీద రాయించాలి. ప్రకృతి రంగు వాడినవాడికి ఎక్కువ ధర అడిగే ధైర్యం ఆ చీటీ వల్లే వస్తుంది.

నేను కోరేది చిన్నది. ప్రతి కొట్టుకూ తెలుగులో ఒక పలక: వ్రాతపనా, చెక్క అచ్చా, ఏ రంగు, ఏ కర్ర, ఎవరి చేయి. స్క్రీన్ ప్రింటు నిజాయితీగా పేరు చెప్పుకున్నా హస్తకళల మేళాలో దానికి చోటు లేదు. దానికి ఊరినిండా బజార్లున్నాయి. పలక నిజమో కాదో మొదటిరోజే తిరిగి చూసే నలుగురు కావాలి. ఆ నలుగురిలో ఇద్దరు ఆ పని చేసి ముసలివాళ్ళయినవారై ఉండాలి, వారికి దినభత్యం ఇవ్వాలి. డిజైను చదివినవారు ఉండవచ్చు, అధికారి ఉండవచ్చు, కానీ చివరిమాట వారిది కాకూడదు. తమ ఊరివాళ్ళ పట్ల పక్షపాతం చూపుతారేమో అంటారా? చూపవచ్చు. అందుకే శ్రీకాళహస్తి పనిని చూసే జంటలో ఒకరు పెడన నుంచి రావాలి, పెడన పనికి అటునుంచి ఇటు. వృత్తి తెలిసిన పొరుగువాడి కంటే నిక్కచ్చి పరీక్షకుడు నాకు తెలిసి లేడు. చోటు దక్కనివారికి ఎందుకు దక్కలేదో వారి భాషలో రెండు వాక్యాలు రాసి చేతికివ్వాలి. ఆ రెండు వాక్యాలు లేని ఎంపిక ఎంత గొప్పవారు చేసినా పైరవీ లాగే కనిపిస్తుంది.

పెడన వైపు మిత్రులెవరైనా ఇది చదువుతూ ఉంటే ఒక సంగతి చెప్పండి: అచ్చులు చెక్కే కుటుంబాలు మీ ఊళ్ళో ఇంకా ఎన్ని ఉన్నాయి? వారి పిల్లలు ఉలి పడుతున్నారా?