కవిత రావడం లేదని చెప్పిన కవిత

రాయలేకపోతున్నానని మిత్రుడికి చెప్పుకోవాలంటే ఒక ఉత్తరం ముక్క చాలు. ఇంగ్లిష్ కవి జెరార్డ్ మ్యాన్లీ హాప్కిన్స్ మాత్రం ఆ మాటనీ పద్యంలోనే చెప్పాడు. 1889 ఏప్రిల్ 22 నాటి ఆ సానెట్ పేరు 'టు ఆర్.బి.'. ఆర్.బి. అంటే రాబర్ట్ బ్రిడ్జెస్. అతనూ కవే. హాప్కిన్స్ అప్పటికి డబ్లిన్‌లో గ్రీకు పాఠాలు చెబుతున్న జెసూట్ ఫాదర్.

సానెట్‌కి పద్నాలుగు పాదాలు. పాదానికి పది అక్షరాలు, ఒకటి తేల్చి ఒకటి ఊని పలుకుతూ అయిదు జతలు. మన లగం లాంటిదే అనుకోండి. కాకపోతే అక్కడ లెక్క ఊనికది, మాత్రలది కాదు. ప్రాస కూడా మనకిలా రెండో అక్షరంలో కాదు, పాదం చివర వస్తుంది. మొదటి ఎనిమిది పాదాలకూ కలిపి రెండే ప్రాసలు. 'స్ప్రంగ్ రిథమ్' అంటూ తనదైన నడక దిద్దుకున్న మనిషి ఇక్కడ పాతబాటే పట్టాడు.

అయితే ఆ ఎనిమిదిలో రెండు పాదాలు మాత్రం కొలత దాటాయి. నాలుగో పాదం, ఏడో పాదం. వాటికి పన్నెండేసి అక్షరాలు. ఏముంది వాటిలో? స్ఫూర్తి ఒక్కసారి నిప్పులా తాకి ఆరిపోతుంది, ఆ తర్వాత మనసే ఏళ్ల తరబడి కవితను కడుపున మోస్తుంది. ఇదీ పద్యంలోని ఊహ. నాలుగో పాదంలో మనసు తల్లి. ఏడో పాదంలో అదే మనసు భర్త పోయిన ఇల్లాలు. సరిగ్గా అక్కడే పాదం సాగింది. పైకి చదివితే ఆ భారం చెవికే తెలుస్తుంది. ఇంత లెక్క తెలిసినవాడు పొరపాటున సాగదీశాడంటే నేను నమ్మను.

చివరి ఆరు పాదాల్లో ఒకటి విడిచి ఒకటి 'ఇన్‌స్పిరేషన్', 'క్రియేషన్', 'ఎక్స్‌ప్లనేషన్' అని ముగుస్తాయి. స్ఫూర్తితో మొదలైన ప్రాస సంజాయిషీ దగ్గర ఆగింది! పైగా మూడూ ఊనిక లేని అక్షరంతో కిందికి జారిపోయే మాటలే. పదమూడో పాదంలో తన లోకాన్ని చలికాలం అంటాడు. ఆ వాక్యం పాదంతో పూర్తికాదు. 'ఇప్పుడు' అనే చిన్నమాట పద్నాలుగో పాదంలోకి దొర్లి, కామా దగ్గర ఆగుతుంది. చదివేవాళ్ల ఊపిరీ అక్కడ పట్టేస్తుంది.

ఆ జూన్ 8న టైఫాయిడ్‌తో హాప్కిన్స్ పోయాడు. వయసు 44. అతని పద్యాల్ని దాచి ఉంచిన బ్రిడ్జెస్ 1918లో పుస్తకంగా తెచ్చాడు. ఈ సానెట్ కూడా అందులో ఉంది.