తేనెపెట్టెల నమోదు

తేనెటీగలను పెంచువారు ఏటేట తమ పెట్టెల సంఖ్యను, అవి యుండు తావును సర్కారు పట్టికలో వ్రాయించుకొనవలెనను నిబంధన కొన్ని దేశములయందు అమలులో నున్నది. సర్కారు పట్టిక యనినంతనే సామాన్యునకు అనుమానము జనించుట సహజము. లెక్క ముందు వచ్చును. పన్ను దానివెంట వచ్చును. కావున ఇట్టి నిబంధనను మెచ్చుటకు ముందు, పేరు వ్రాయించుకొన్నవానికి బదులుగా లభించున దేమియని అడుగుట న్యాయము.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఈ ప్రశ్నకు సమాధానము కలదు. అచ్చట తేనెపెట్టెలు గలవారు ప్రతిసంవత్సరము కౌంటీ వ్యవసాయాధికారి కడ నమోదు చేయించుకొనవలెను. ఫిబ్రవరిలో బాదముతోటలు పూచునప్పుడు దేశపు నలుమూలల నుండి లక్షలకొలది పెట్టెలు అచ్చటికి చేరును. ఎకరమునకు రెండు పెట్టెలుంచుట వాడుక. అట్టిచోట, పూచియున్న పైరుపై తేనెటీగలకు హానిచేయు మందు చల్లదలచినవాడు, మైలు దూరములోపల ముందుగా తెలుపుమని కోరిన పెంపకందారు లెవరైన గలరాయని అధికారిని విచారింపవలెను. ఉన్నచో 48 గంటలకు ముందే వారికి వర్తమానము పంపవలెను. పెట్టెలు మూయుటకో, తరలించుటకో వారికి వ్యవధి దొరకును. నమోదునకు ఇదియే తగిన ప్రతిఫలము.

తెగుళ్ల విషయమునను పట్టిక ఉపకరించును. 2022 జూను నెలలో ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ రేవున వరోవా అను నల్లి కనబడినప్పుడు, పెట్టెలెచ్చట నున్నవో తెలియనిదే తనిఖీ సాగదని అందరికిని విశదమయ్యెను. అయినను 2023 సెప్టెంబరులో నిర్మూలన ప్రయత్నమును విరమింపవలసి వచ్చెను. పట్టిక యొక్కటే తెగులునకు మందు కాదు. 1991-92 సంవత్సరములలో థాయి శాక్‌బ్రూడ్ తెగులు దక్షిణభారతమున దేశవాళీ తేనెటీగలను ఊడ్చిపెట్టినది. అట్టి ఉపద్రవము మరల వచ్చినచో, ఎవరి పెట్టె ఎచ్చట నున్నదో ఎరుగుట ఎంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు.

మన దేశమున 2021 ఏప్రిలులో జాతీయ తేనెటీగల మండలి 'మధుక్రాంతి' యను నమోదు ఏర్పాటును ప్రారంభించినది. తేనె ఎచ్చటినుండి వచ్చెనో గుర్తించుట దాని ముఖ్యోద్దేశములలో నొకటి. కల్తీని అరికట్టుటకు అది అవసరమే. కాని తేనె జాడను తీయు పట్టిక, తేనెటీగ ప్రాణమునుగూడ కాపాడవలెనని మా మనవి. పూతకాలమున మందు చల్లుటకు ముందు చుట్టుపట్ల పెంపకందారులకు తెలుపవలెనను విధిని నమోదుతో జతపరుపవలెను. రుసుము స్వల్పముగ నుండవలెను. పట్టికను పన్ను వసూలునకు సాధనముగ చేయరాదు.

ఈ సందర్భమున భూస్వాములకును ఒక మాట చెప్పవలసియున్నది. పొద్దుతిరుగుడు గింజకట్టుటకు తేనెటీగ చేయు సేవ కూలి అడుగని సేవ. పెట్టె పొరుగువానిదైనను ఫలము మన పొలమునకే. పట్టపగలు పూతపై మందు చల్లి తేనెటీగలను చంపుకొనుట మన గాదెకు మనమే కన్నము వేసికొనుట. తేనెటీగలు గూటికి చేరిన పిమ్మట, సాయంకాలమున చల్లుటకు ఏ శాసనమును అక్కరలేదు. పొరుగువానికి ముందుగా కబురు చేయుటకును అక్కరలేదు.

ఇచ్చిపుచ్చుకొను న్యాయముపై నిలిచిన నమోదును ప్రజలు తామే కోరుదురు. అడుగుటయే గాని ఇచ్చుట యెరుగని నమోదునుండి తప్పించుకొనజూతురు. అధికారులు ఈ భేదమును గుర్తింతురుగాక.