ఎవరి రాజ్యం? ఎక్కడి సరిహద్దు?

సెప్టెంబరు 17 వస్తే చాలు, అడిక్‌మెట్ గోడల నిండా పోస్టర్లే. ఒకడికది విమోచనం, ఒకడికి విలీనం, ఇంకొకడికి విద్రోహం. 2024లో కేంద్రం ‘హైదరాబాద్ విమోచన దినం’ జరిపితే, రాష్ట్ర ప్రభుత్వం ‘ప్రజా పాలన దినోత్సవం’ జరిపింది. పేరు కోసం ఇంత పంచాయితీ పెట్టుకున్నోళ్లు వాడనెప్పుడన్నా అడిగిండ్రా?

1947 ఆగస్టు 15 నుంచి 13 నెలలు నిజాం తనది స్వతంత్ర రాజ్యమన్నాడు. హంగులన్నీ ఉన్నాయి. హాలీ సిక్కా రూపాయి, సొంత రైలు, సొంత తపాలా, సరిహద్దులో సుంకం గుంజే కరోడ్‌గిరి నాకాలు. లేనిదొక్కటే, గుర్తింపు. 1990లో మాల్డోవా నుంచి విడిపోయామన్న ట్రాన్స్‌నిస్ట్రియాదీ ఇదే కథ. సొంత రూబులుంది, చెక్‌పోస్టులున్నాయి. ఐక్యరాజ్యసమితి సభ్యదేశం ఒక్కటీ గుర్తించలేదు.

1948 ఆగస్టులో నిజాం భారత్ మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేశాడు. పారిస్ పోయిన బృందంలో మన బి. శ్యాంసుందర్ ఉన్నాడు. సెప్టెంబరు 13న సైన్యం దిగింది. 16న ఫిర్యాదు మండలి ముందుకొచ్చింది. మరునాడే నిజాం లొంగిపోయాడు, 22న ఫిర్యాదు వాపసన్నాడు.

ఇది పట్టుకొని శ్యాంసుందర్‌నూ, లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి బి.ఎస్. వెంకట్రావునూ నిజాం తొత్తులంటారు. నిజాం పక్షాన నిలబడొద్దని బాబాసాహెబ్ 1947 నవంబరులోనే మనవాళ్లను హెచ్చరించాడు. సంస్థానాలకు ఐక్యరాజ్యసమితి గుర్తింపు వస్తుందనుకోవడం భ్రమేనని అంతకుముందు జూన్‌లోనే తేల్చాడు. ఆయన మాటే నిజమయింది, మేమూ ఆ మాట మీదే ఉన్నాం. అయినా వెంకట్రావు ఊరికే కుర్చీలో కూర్చోలేదు. మన పిల్లల చదువుకు కోటి రూపాయల నిధి పెట్టించాడు. బేరమాడే బలం లేని జాతి, దొరికిన చోట బేరమాడింది. మరి అదే మంత్రివర్గంలో ఉపప్రధాని పింగిళి వెంకటరమణారెడ్డి గదా! ఆయన్ను తొత్తని ఎవరన్నా పోస్టరేసిండ్రా? ద్రోహి ముద్రకు కూడా కులముంటదన్నమాట.

నిజాం సరిహద్దు చెరిగిపోయింది. ఊరికీ వాడకూ మధ్య సరిహద్దు చెరగలేదు. దానికి పటం అక్కరలేదు, నాకా అక్కరలేదు, ఏ మండలి గుర్తింపూ అక్కరలేదు. గడీలొదిలి పట్నం పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే ఖద్దరు టోపీలు పెట్టుకొని ఊళ్లకు తిరిగొచ్చిండ్రు. వాళ్లొచ్చింది ఖాళీ చేతులతో ఉండడానికి కాదు, పేదలు దున్నుకుంటున్న భూముల్ని మళ్లీ గుంజుకోవడానికి.

ఈసారి వేదికలు కట్టేవాళ్లను మేం ఒకటే అడుగుతాం. జెండా ఎగరేసే ముందు మీ ఊరి పాత పహాణీ తెప్పించండి. 1948 సెప్టెంబరు 17కు ముందు భూమి ఎవరి పేరున ఉండె, తర్వాత ఎవరి పేరున ఉన్నది? మైకులో చదవండి.