నేరం అష్టాచెమ్మాది కాదు

కరోనా మాట వస్తే మా వైపు ఇప్పటికీ ఒకే తీర్పు వినిపిస్తుంది. సూర్యాపేటలో టీకొట్టు దగ్గర నిలబడ్డా, మునగాలలో రిటైరైన మాస్టారిని కదిలించినా, కోదాడలో బట్టల షాపులో కూర్చున్నా అదే మాట. ‘‘మన జనానికి క్రమశిక్షణ లేదండీ. ఇంట్లో ఉండమంటే ఉండలేదు. లాఠీ తీస్తే తప్ప వినరు.’’ చదువుకున్నవాళ్లు దీన్ని ఇంకాస్త గట్టిగా అంటారు. ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, దీన్ని అభిప్రాయంగా కాదు, జరిగిన చరిత్రగానే చెప్పుకుంటున్నారు.

ఈ తీర్పు తప్పు. దాని బరువు ఎవరి నెత్తిన పడిందో చూస్తే అన్యాయం కూడా. నేను ఆంక్షలే వద్దనేవాణ్ని కాను. మందూ టీకా లేని రోజుల్లో మనిషికీ మనిషికీ మధ్య దూరం తప్ప వేరే దారి లేదు. నా పేచీ ఒక్కటే. ఇంట్లో ఉండటానికి ఇల్లు కావాలి, పని మానుకోవడానికి ఇంట్లో గింజలు కావాలి. అవి లేనివాళ్ల కష్టానికి మనం క్రమశిక్షణా రాహిత్యం అని పేరు పెట్టాం. అన్నీ ఉండి నియమం తప్పినవాళ్లకు మాత్రం ఏ పేరూ పెట్టలేదు.

2020 ఏప్రిల్‌లో సూర్యాపేట పేరు దేశమంతా వినబడింది. కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల కేసులు ఒకదాని వెనుక ఒకటి బయటపడ్డాయి. జిల్లాలో లెక్క ఎనభై దాటింది. ఏప్రిల్ 22న ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సోమేశ్ కుమార్, డీజీపీ మహేందర్ రెడ్డి హెలికాప్టర్‌లో వచ్చి పరిస్థితి చూసి వెళ్లారు. ఆ రోజుల్లోనే ఒక వార్త గుప్పుమంది. ఒక గృహిణి ఇరుగుపొరుగు వాళ్లతో అష్టాచెమ్మా ఆడి 31 మందికి జబ్బు అంటించిందని. తెలుగు చానళ్లే కాదు, ఢిల్లీ చానళ్లూ దాన్నే పట్టుకున్నాయి. ఇప్పటికీ సూర్యాపేట కరోనా అనగానే చాలామందికి గుర్తొచ్చేది మార్కెట్ కాదు, హెలికాప్టర్ కాదు, ఆ ఆటే.

ఆ ఆట ఏ ఇళ్లలో ఆడతారో తెలిసినవాళ్లు అలా మాట్లాడరు. గచ్చు మీద సుద్దతో అటు అయిదు, ఇటు అయిదు గళ్లు గీస్తారు. నాలుగు గవ్వలు, అవి లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లాపడితే అష్టా. పైసా ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు. ఒకే నల్లా, ఒకే వాకిలి, గోడకు గోడ ఆనుకున్న వాటాల్లో బతికే ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట అదే కాలక్షేపం. వాళ్లు ఆట ఆడకపోయినా అదే నల్లా దగ్గర నిలబడాలి, అదే వాకిట్లో బట్టలు ఆరేసుకోవాలి. పైగా అప్పట్లో లక్షణాలు ఉన్నవాళ్లకూ వాళ్ల కాంటాక్టులకూ తప్ప పరీక్షలు చేయడం లేదు. జబ్బు తన ఒంట్లో ఉందో లేదో తెలుసుకునే దారే లేని మనిషిని పట్టుకుని దేశం ముందు నిలబెట్టాం. అదే జబ్బు బంధువుల ఇంటికి కారులో వెళ్లి పంచిపెట్టినవాళ్లను ఏ చానలూ వెతకలేదు, వాళ్ల మీద ఏ శీర్షికా రాలేదు.

అంతకుముందు వంతు ముస్లింలది. ఢిల్లీ మర్కజ్‌కు వెళ్లి వచ్చినవాళ్లలో జబ్బు బయటపడినప్పుడు, వాళ్లను వెతికి పరీక్షలు చేయడం వైద్యశాఖ పని, చేయాల్సిన పని. కానీ ఊళ్లలో జరిగింది అది మాత్రమే కాదు. టోపీ పెట్టుకున్న పండ్ల బండి మనిషిని చూసి జనం పక్కకు తప్పుకున్నారు. వాడకట్టులో పాతికేళ్లుగా కలిసి ఉన్నవాళ్లు ఒక్క వారంలో అనుమానితులయ్యారు. వైరస్‌కు మతం అంటగట్టడం, ఆటను నేరం చేయడం ఒకే బుద్ధిలోంచి వచ్చాయి. ఎవరు తిరిగి సమాధానం చెప్పలేరో వాళ్ల మీదే వేలు చూపించే బుద్ధి అది.

అందరికీ ఒకే తూకం అయితే, మరుసటి ఏడాది సంగతి కూడా ఇంతే గట్టిగా చెప్పుకోవాలి కదా. 2021 మార్చి 22, జనతా కర్ఫ్యూకు సరిగ్గా ఏడాది నిండిన రోజు. ఆ రోజే సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలవుతుంటే, జనం కిక్కిరిసిన గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. రెండో అల అప్పటికే తలెత్తింది. రెండు రోజులకే రాష్ట్రంలో బడులు మళ్లీ మూసేశారు. బడి ప్రమాదమైనప్పుడు గ్యాలరీ ప్రమాదం కాదా? ఏప్రిల్ 17న నాగార్జునసాగర్ ఉపఎన్నిక. మిర్యాలగూడ పక్కనే ఉన్న ఆ నియోజకవర్గంలో అన్ని పార్టీలూ వారాల తరబడి జనాన్ని పోగేశాయి. ఏప్రిల్ 14న హాలియాలో ముఖ్యమంత్రి కేసీఆర్ బహిరంగ సభ. 19న ఆయనకే పాజిటివ్ వచ్చింది, అభ్యర్థి నోముల భగత్‌కూ వచ్చింది. రాత్రి కర్ఫ్యూ పెట్టింది ఏప్రిల్ 20న. పోలింగ్ అయిన మూడో రోజున, అదీ హైకోర్టు గట్టిగా నిలదీశాక.

హాలియా సభ నుంచి ఎంతమందికి జబ్బు అంటిందని 31 లాంటి లెక్క ఎవరైనా తీశారా? పేరుపేరునా గొలుసుకట్టు గీసి చూపించారా? నలుగురు ఆడవాళ్ల ఆటకు దొరికిన లెక్క వేల మంది సభకు దొరకలేదు. పైగా డీసీఎంలలో ఎక్కించి తీసుకెళ్లిన ఆ జనాన్నే ‘‘చూశారా, ఎలా ఎగబడ్డారో’’ అని మళ్లీ క్రమశిక్షణ లేని ఖాతాలో రాసుకున్నాం.

అసలు జనం మాట వినలేదన్నదే నిజం కాదు. 2020 మార్చి చివర్లో తెలంగాణ పల్లెల్లో జరిగింది గుర్తు తెచ్చుకోండి. ఏ పోలీసూ చెప్పకముందే ఊరి పొలిమేరల్లో ముళ్లకంపలు అడ్డం వేశారు, కర్రలు పట్టుకుని వంతులవారీగా కాపలా కాశారు. ఆశా కార్యకర్తలు మండుటెండలో ఇల్లిల్లూ తిరిగి జ్వరం లెక్క రాసుకున్నారు. వరికోతల కాలంలో రైతు టోకెన్ తీసుకుని తన వంతు వచ్చేదాకా వడ్ల కుప్ప దగ్గరే పడుకున్నాడు. అయితే ఆ ముళ్లకంప గురించి ఒక మాట దాచకూడదు. నగరంలో పని పోయి సొంతూరికి నడిచొచ్చిన కూలీని అదే కంప బయట నిలబెట్టింది. కారు ఉన్నవాడు వచ్చేటప్పుడు ముందే ఫోన్ చేయించుకున్నాడు. ఊరు నియమం పాటించింది నిజమే. ఆ నియమాన్ని అందరికీ ఒకేలా పాటించిందా అంటే, లేదు.

ఇక ఇంట్లో కూర్చోవడానికి ఇచ్చింది ఎంతో చూద్దాం. తెల్లకార్డు కుటుంబానికి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు. ఇచ్చినందుకు ప్రభుత్వాన్ని తప్పుపట్టను, బియ్యం చాలా ఇళ్లను నిలబెట్టాయి. కానీ 1,500ను నెలకు పంచితే రోజుకు 50 రూపాయలు. అందులో నూనె, పప్పు, ఉల్లిగడ్డ, గ్యాస్, మందుబిళ్లలు. ఆ 50 తెచ్చుకోవడానికి బ్యాంకు ముందు వరసలో నిలబడితే, ఆ వరసను ఫొటో తీసి ‘దూరం పాటించని జనం’ అని వేశారు. అద్దె మూడు నెలలు అడగొద్దని ప్రభుత్వం చెప్పింది. అది వాయిదాయే, మాఫీ కాదు. 2021 ఏప్రిల్‌లో మాస్కు లేకపోతే 1,000 రూపాయల జరిమానా అన్నారు. ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 245. గడ్డపార పట్టి నాలుగు రోజులు మట్టి తవ్వినా ఆ జరిమానాకు సరిపోదు. నెల జీతగాడికి అదే జరిమానా ఒక పూట హోటల్ బిల్లు. ఒకే జీవోలో ఒకే అంకె రాసినంత మాత్రాన శిక్ష ఒకటే అయిపోదు.

కేరళ వాళ్లను చూసి నేర్చుకోవాలని మనవాళ్లు తరచూ అంటారు. చూడండి, తప్పకుండా చూడండి. 2020 లాక్‌డౌన్ మొదలవగానే అక్కడి స్థానిక సంస్థలు కుటుంబశ్రీ మహిళలతో కలిసి సామూహిక వంటశాలలు పెట్టి, వండిన అన్నాన్ని ఇంటికి చేర్చాయి. మనిషి గడప దాటకపోవడానికి ఆ అన్నమే కారణం. మనం ఆ గడప దాటని మనిషిని మెచ్చుకున్నాం, అన్నం పొట్లాన్ని చూడలేదు.

నల్గొండ జిల్లా అడవిదేవులపల్లి మండలంలో కొత్తనందికొండ అనే తండా వాసుల ఊరుంది. మిర్యాలగూడ చుట్టుపక్కల ఊరే. 2021 మేలో అక్కడి ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి పాజిటివ్ వచ్చింది. ఇంట్లో వేరే గది లేదు. తల్లిదండ్రులకు అంటకూడదని వాకిట్లో చెట్టు మీద వెదురు బొంగులతో మంచె లాంటి పడక కట్టుకుని పదకొండు రోజులు అక్కడే ఉన్నాడు. అన్నం బుట్టలో పెట్టి తాడుతో పైకి లాక్కున్నాడు. పత్రికలన్నీ అతని తెలివిని పొగిడాయి. నాకు ఆ పొగడ్త కూడా మింగుడు పడదు. జ్వరంతో ఉన్న పిల్లవాడు మే ఎండల్లో కొమ్మల మధ్య పడుకోవాల్సి రావడం ఎవరి వైఫల్యం? అక్కడి ఎస్టీ హాస్టల్‌ను ఐసోలేషన్ కేంద్రం చేసింది రెండో అల సగానికి వచ్చాకే. బడులు మూతపడి హాస్టళ్లు ఖాళీగానే ఉన్నాయి. తాళం తీయడానికి అన్ని రోజులు పట్టింది. ‘విడిగా గదిలో ఉండండి’ అని ఫోన్ చేసిన ప్రతిసారీ కాలర్‌ట్యూన్‌లో చెప్పినవాళ్లు, గది లేని ఇళ్లు ఈ రాష్ట్రంలో ఎన్ని లక్షలో ఎరగరా?

పనికి అవసరమైనప్పుడు మాత్రం దారులు వాటంతటవే తెరుచుకున్నాయి. 2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. సరిగ్గా వారానికి, మే 8న, బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల పైచిలుకు హమాలీలతో ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది. మంత్రులు స్టేషన్‌కు వెళ్లి స్వాగతం చెప్పారు. అక్కడి నుంచి వాళ్లను మిర్యాలగూడ సహా పలుచోట్ల రైస్‌మిల్లులకు పంపారు. వడ్లు ఎత్తాలి, బస్తాలు కదలాలి, అది రైతుకూ అవసరమే, కాదనను. కానీ ఇంటికి పోతానన్నవాడు నెలకు పైగా రైలు కోసం ఎదురుచూశాడు. జాతీయ రహదారి మీద పిల్లల్ని చంకనేసుకుని నడిచాడు. మూట మోసే భుజం రావడానికి దొరికిన రైలు, మనిషి ఇంటికి చేరడానికి అంత ఆలస్యంగా ఎందుకు దొరికిందో ‘క్రమశిక్షణ’ వాదులు ఒక్కసారైనా అడగాలి.

అన్నిటికంటే మా ప్రాంతానికి సిగ్గుచేటైన రోజులు 2021 మేలో వచ్చాయి. కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర ఆంధ్ర నుంచి వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపేశారు. ఆసుపత్రిలో ముందే మంచం ఖాయమైనట్టు చూపించాలి, కంట్రోల్‌రూమ్ అనుమతి తెచ్చుకోవాలి అన్నారు. ఆక్సిజన్ అయిపోతున్న మనిషి పక్కన కూర్చున్న కూతురు ఆ కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది? హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో తెలిసిన డాక్టరు ఉన్నవాళ్లకు ఫోన్‌లోనే కాగితం వచ్చింది. లేనివాళ్ల బండి వెనక్కి తిరిగింది. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది. జగ్గయ్యపేట, నందిగామలతో పెళ్లి సంబంధాలు, వ్యాపారాలు కలగలిసిన ప్రాంతం మాది. మునగాల పరగణా అయితే చుట్టూ నిజాం రాజ్యం ఉన్న రోజుల్లో కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. సరిహద్దు అనేది గీత గీసినవాళ్లకు ఎంత తేలికో, దాని మీద బతికేవాళ్లకు ఎంత బరువో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ మూడు నాలుగు రోజులు కోదాడలో ‘‘మన మంచాలు మనకే’’ అన్నవాళ్లు తక్కువేమీ కాదు. అన్నవాళ్లలో చాలామందికి చెక్‌పోస్టు అవతల అక్కలూ మేనత్తలూ ఉన్నారు.

నిర్లక్ష్యం అసలు లేదని నేననను. వందల మందితో పెళ్లిళ్లు చేసినవాళ్లు ఉన్నారు, దగ్గుతూ బంతిలో కూర్చున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో పేదలూ ఉన్నారు, ఉన్నవాళ్లూ ఉన్నారు. తీర్పు అక్కడి నుంచి మొదలుపెట్టి ఉంటే నాకు పేచీ లేదు. మనం మొదలుపెట్టింది మాత్రం అష్టాచెమ్మా గచ్చు నుంచి.

రేపు ఇంకో జబ్బు వస్తే లాఠీ లెక్క కాదు చూడాల్సింది. మునగాల మండలంలో ఒంటిగది ఇళ్లు ఎన్నో, మరుగుదొడ్డి ఉమ్మడిగా వాడుకునే కుటుంబాలు ఎన్నో పంచాయతీ కార్యదర్శి దగ్గర ఇప్పుడే రాసి ఉండాలి. ఏ హాస్టల్ తాళం మొదటి రోజే తీయాలో, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఊరందరికీ తెలిసి ఉండాలి. ఇంట్లో ఉండమని చెప్పే జీవోలోనే, ఉన్నన్ని రోజులకు ఉపాధి కూలి ఏ తేదీన ఖాతాలో పడుతుందో రాయాలి. రామాపురం దగ్గర అంబులెన్స్ ఆపే అధికారం ఎవరికీ ఉండదని ముందే చెప్పాలి. ఇవన్నీ చేశాక కూడా ఎవరైనా బయటికొస్తే, అప్పుడు క్రమశిక్షణ గురించి మాట్లాడుకుందాం.